383 స్ట్రోకర్: కారు లేని రూమ్‌లో వేసిన ప్లాను

పోస్టు కొంచెం పెద్దదే. ఐటీఐ, డిప్లొమా, ఇంజనీరింగ్ చదువుతున్నవాళ్లు ఓపిగ్గా చివరిదాకా చదవండి.

మేం మెకానికల్ మూడో సంవత్సరం. హాస్టల్లో ఒకే రూమ్‌లో నలుగురం. మా నాలుగు ఇళ్లల్లోనూ కాలేజీ గడప తొక్కింది మేమే ముందు. ఎవరింట్లోనూ కారు లేదు. అలాంటి మేం సెమినార్‌కి అమెరికా వాళ్ల స్ట్రోకర్ ఇంజిన్ టాపిక్ ఇచ్చాం. "మీకెందుకురా ఇంత కష్టం, ఫోర్ స్ట్రోక్ సైకిల్ చెప్పేసి కూర్చోండి" అన్నారు. వెనక బెంచీల్లో కొందరు నవ్వారు. ఆ నవ్వు మన పిల్లలందరికీ తెలుసు. సీటు ఎలా వచ్చిందో గుర్తుచేసే నవ్వు అది. అందుకే టాపిక్ మార్చలేదు.

స్ట్రోకర్ అంటే పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. మన ఇళ్లల్లో రోలు అదే ఉంచి రోకలిని ఇంకొంచెం ఎత్తు లేపి దించినట్టు. బ్లాకు అదే, పిస్టన్ ప్రయాణం ఎక్కువ. షెవర్లే కంపెనీ 1955లో స్మాల్ బ్లాక్ వి-8 తెచ్చింది. అందులో 350 క్యూబిక్ అంగుళాల ఇంజిన్ 1967లో, 400 ఇంజిన్ 1970లో వచ్చాయి. 350 స్ట్రోక్ 3.48 అంగుళాలు, 400 స్ట్రోక్ 3.75. అక్కడి మెకానిక్‌లు 400 క్రాంక్ తీసుకుని, దాని మెయిన్ జర్నల్స్‌ని 2.65 నుంచి 2.45 అంగుళాలకి తరిగించి, 350 బ్లాకులో కూర్చోబెట్టారు. అరిగిన సిలిండర్లని 4.030 అంగుళాలకి బోరింగ్ చేయించారు.

లెక్క మీరే వేయండి. 0.7854 ఇంటూ బోరు స్క్వేర్ ఇంటూ స్ట్రోక్ ఇంటూ 8. వచ్చేది 382.7. అదే 383. మన లెక్కలో సుమారు 6,270 సీసీ.

మా ప్లాను టార్గెట్: 6,000 ఆర్‌పీఎం దగ్గర 450 హార్స్‌పవర్, రోజూ రోడ్డు మీద తిరగాలి. హార్స్‌పవర్ కావాలంటే టార్క్‌ని ఆర్‌పీఎంతో గుణించి 5,252తో భాగించాలి. వెనక్కి లెక్కేస్తే 394 పౌండ్-అడుగుల టార్క్ కావాలి. గాలి నిమిషానికి సుమారు 665 ఘనపుటడుగులు. అంటే 750 సైజు కార్బురేటర్ చాలు. ఇంకా పెద్దది పెడితే కింది స్పీడులో బండి తడబడుతుంది.

తర్వాత అసలు చిక్కు వచ్చింది. బ్లాకు ఎత్తు 9.025 అంగుళాలు, అది మారదు. సగం స్ట్రోక్ 1.875, కనెక్టింగ్ రాడ్ 5.7 తీసేస్తే మిగిలేది 1.45. పాత 350 పిస్టన్‌లో పిన్ను నుంచి పైతలం దాకా 1.56 ఉంటుంది. అది పెడితే పిస్టన్ బ్లాకు దాటి బయటికొచ్చేస్తుంది. అందుకే 1.425 ఉన్న పొట్టి పిస్టన్ కావాలి. రాడ్ బోల్టులు బ్లాకు అడుగు అంచుకి, క్యామ్‌షాఫ్ట్‌కి తగులుతాయేమో చేత్తో తిప్పి చూసుకుని, తగిలిన చోట గ్రైండ్ చేయాలి.

కంప్రెషన్ లెక్క మా నలుగురిలో ఒకడు చేశాడు. వాడికి మ్యాథ్స్ బ్యాక్‌లాగ్ రెండుసార్లు మిగిలిపోయింది. చదువు మానేసి చెన్నై పనికి పోతానని బ్యాగు కూడా సర్దుకున్నాడు. పోయే ముందు ఈ ఒక్క లెక్క చూడరా అన్నాం. పిస్టన్ పైన మిగిలే జాగా 87 సీసీ అనుకుంటే, 350లో ఒక సిలిండర్ 717 సీసీ కాబట్టి రేషియో 9.2 వస్తుంది. 383లో 784 సీసీ, రేషియో 10. స్ట్రోక్ పెంచితే కంప్రెషన్ దానంతట అదే పెరుగుతుంది, నాకింగ్ చూసుకోవాలి అని వాడే చెప్పాడు. ఆ రాత్రి రెండింటిదాకా కూర్చున్నాడు. బ్యాగు మళ్లీ విప్పాడు.

సెమినార్‌లో సార్ ఒకే ప్రశ్న అడిగారు: "స్ట్రోక్ పెంచితే నష్టమేంటి?" మావాడే బోర్డు మీద వేశాడు. 6,000 ఆర్‌పీఎంలో పిస్టన్ సగటు వేగం సెకనుకి 17.7 మీటర్ల నుంచి 19 మీటర్లకి పెరుగుతుంది. రాడ్లమీద, బోల్టులమీద బరువు పెరుగుతుంది. అందుకని ఫోర్జ్‌డ్ పార్టులు, బ్యాలెన్సింగ్ ముందు, పవర్ తర్వాత. ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఇక్కడితో అయిపోయేది. సెలవులకి ఊరెళ్తే వాడి మామ పట్టుకున్నాడు. ఆయనది కమాండర్ జీపు. మా వైపు కొన్ని ఊళ్లకి సంతకైనా ఆసుపత్రికైనా అదే దిక్కు. "అల్లుడూ, ఇంజిన్ చదువుతున్నారంట కదా. పవర్ పెంచెయ్యండి, ఘాట్‌లో ఇంకో అయిదుగురిని ఎక్కించుకుంటాను" అన్నాడు. ఆయన ఆశ అబద్ధం కాదు. డీజిల్ ఖర్చు, వాయిదాలు మాకూ తెలుసు.

కాగితం తీసి కూర్చున్నాం. "మామా, అయిదుగురంటే 300 కిలోలు. 500 మీటర్ల ఎత్తు నుంచి కిందికి దిగితే ఆ బరువు వల్లే దాదాపు 14.7 లక్షల జౌళ్ల శక్తి అదనం. నాలుగు లీటర్ల చన్నీళ్లు మరిగించేంత వేడి. గేరు కొంత ఆపినా మిగతాదంతా బ్రేకు డ్రమ్ముల మీదే పడుద్ది. ఎక్కించేది ఇంజినే గానీ దించేది బ్రేకు." చట్టం కూడా చెప్పాం. మోటారు వాహనాల చట్టం 1988 సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి తేడా వచ్చేలా బండి మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టూ అదే చెప్పింది.

మామ కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అయితే బ్రేకులు చూసి పెట్టండిరా" అన్నాడు. ఆ రోజు నాలుగు చక్రాలూ విప్పాం. వెనక లైనింగు రివెట్ల దాకా అరిగిపోయి ఉంది. మార్పించాడు.

మన ఊళ్లలో బైకులకి సైలెన్సర్లు పీకి, చెవులు చిల్లులు పడేలా తిప్పే తమ్ముళ్లు కూడా ఇది చదవాలని రాస్తున్నాం. నిజంగా పవర్ ప్లాను వేసేవాడు జాబితాలో బ్రేకులు, రేడియేటర్, గేర్‌బాక్స్, టైర్లు రాసుకున్నాకే క్యామ్‌షాఫ్ట్ రాసుకుంటాడు. 450 హార్స్‌పవర్ మనకి ఇప్పుడు కాగితం మీదే ఉంది. పర్లేదు, లెక్క మనదే కదా.

మావాడు ఈ సెమిస్టర్‌లో మ్యాథ్స్ సప్లీ రాస్తున్నాడు. మెకానికల్ తమ్ముళ్లకి, చెల్లెళ్లకి ఈ లెక్కల కాగితాలు కావాలంటే కామెంట్ పెట్టండి, ఫోటోలు తీసి పంపుతాం. సీనియర్ అన్నలు ఎక్కడైనా తేడా కనిపిస్తే మొహమాటం లేకుండా చెప్పండి.