పడవ ఎక్కే ముందు

దసరా సెలవులు దగ్గరపడుతున్నాయి. చెరువులు నిండాయి, మత్తళ్ళు దూకుతున్నాయి. వరంగల్, హనుమకొండ ఇళ్ళలో పిల్లలు అప్పుడే లక్నవరమా, రామప్పా, పాకాలా అని పేచీలు మొదలుపెట్టి ఉంటారు. అందుకే ఈ వారం జ్వరాలూ దగ్గులూ పక్కన పెట్టి పడవల గురించి రాస్తున్నాను. డాక్టరుకు పడవలతో ఏం పని అంటారేమో! నీళ్ళు కాచి తాగమని చెప్పేవాణ్ణి, నీళ్ళ మీదికి వెళ్ళేటప్పుడు ఏం చెయ్యాలో చెప్పకూడదా?

ముందు నా సంగతి ఒకటి చెప్పాలి. కొన్నేళ్ళ క్రితం ఓ ఆదివారం మనవరాలిని తీసుకుని మన వైపు చెరువొకదానికి వెళ్ళాం. పేరెందుకు లెండి. లైఫ్ జాకెట్లు పడవ మూల కుప్పగా పడి ఉన్నాయి. అడిగితే పడవ అబ్బాయి నవ్వి, "ఏం కాదు సార్, రోజూ తిప్పుతున్న. పది నిమిషాలల్ల తీసుకొస్త" అన్నాడు. నీకు లైసెన్సు ఉందా అని అడగబోయాను. మా ఆవిడ మోచేత్తో పొడిచి, "అందరూ ఎక్కడం లేదూ? మీకే అన్ని అనుమానాలు" అంది. ఊరుకున్నాను. ముప్ఫయ్యేళ్ళు వైద్యం చేసినవాణ్ణి, నలుగురూ నవ్వుతారని ఊరుకున్నాను.

పోరగా పోరగా పిల్లకొక జాకెట్టు ఇచ్చాడు. అది పెద్దవాళ్ళది. చెరువు మధ్యకు వెళ్ళాక కొంగలను చూసి పిల్ల లేచి నిలబడింది. పడవ ఒరిగింది. నేను గబుక్కున జాకెట్టు పట్టుకుని వెనక్కి లాగాను. జాకెట్టు నా చేతిలోకి వచ్చేసింది. పిల్ల అందులోంచి జారి పడవ అడుగున కూలబడింది. అటు కాకుండా ఇటు జారి ఉంటే ఏమయ్యేదో మీకు చెప్పనక్కరలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

కాజీపేట పక్కనే ఉన్న కడిపికొండ మీకు తెలిసే ఉంటుంది. 2019 సెప్టెంబరు 15న ఆ ఊరివాళ్ళు 14 మంది పాపికొండలు చూడ్డానికి గోదావరి మీద పడవెక్కారు. కచ్చులూరు దగ్గర ఆ పడవ, 'రాయల్ వశిష్ఠ', మునిగిపోయింది. ఊరికి తిరిగి వచ్చింది అయిదుగురే. పడవలో ఉన్న 77 మందిలో బతికి బయటపడ్డవాళ్ళు 26 మంది. పడవను అక్టోబరు 22న గాని పైకి తియ్యలేకపోయారు. అది వరదలో ఉన్న గోదావరి, మన చెరువు నిలవ నీరే కదా అని తీసిపారెయ్యకండి. 2024 జనవరిలో వడోదరలో విహారానికి వెళ్ళిన 12 మంది బడిపిల్లలూ ఇద్దరు టీచర్లూ పోయింది చెరువులోనే.

స్కూటరు నడపడానికి లైసెన్సు కావాలని అందరికీ తెలుసు. పడవకూ కావాలని తెలిసినవాళ్ళు తక్కువ. ఇంజను పడవలకు మన దేశంలో 1917లోనే చట్టం చేశారు. దాని స్థానంలో 2021లో అంతర్దేశీయ నౌకల చట్టం వచ్చింది. దాని ప్రకారం ఇంజను పడవకు రిజిస్ట్రేషనూ, తనిఖీ చేసి ఇచ్చిన సర్టిఫికెట్టూ, ఇన్సూరెన్సూ ఉండాలి. నడిపే సరంగుకు అర్హత సర్టిఫికెట్టు ఉండాలి. ఎంతమందిని ఎక్కించవచ్చునో దానికీ లెక్క ఉంది. గోవాలోని జాతీయ జలక్రీడల సంస్థ మోటారు పడవ నడపడమూ, మునిగేవాళ్ళను రక్షించడమూ నేర్పి సర్టిఫికెట్టు ఇస్తుంది. కెనడాలో ఉన్న మా మేనల్లుడు స్నేహితుడి పడవ నడపాలని ముచ్చటపడితే, ముందు పరీక్ష రాసి కార్డు తెచ్చుకోమన్నారట. 50 ప్రశ్నలు, నూటికి 75 మార్కులు రావాలి. సరదాకు నడిపేవాడికే అక్కడ అంత పట్టింపు. ఇక్కడ మన పిల్లలను ఎక్కించుకునేవాణ్ణి ఆ కాగితం చూపించమనడానికి మనకు మొహమాటం!

ఇప్పుడు వైద్యం సంగతి. మునిగేవాడు సినిమాలో లాగా చేతులూపి కేకలు వేస్తాడనుకోకండి. చాలాసార్లు చప్పుడే ఉండదు. ఊపిరికే దిక్కులేనప్పుడు కేక ఎక్కడిది? ప్రాణవాయువు అందకపోతే నాలుగైదు నిమిషాల్లోనే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. ఆస్పత్రి అంత దగ్గర ఏ చెరువుకు ఉంది? అందుకే ఒంటి మీద జాకెట్టు ముఖ్యం. బకిల్సన్నీ బిగించాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. చెవుల దాకా వచ్చిందంటే అది ఆ మనిషిది కాదు. పిల్లలకు కాళ్ళ మధ్య నుంచి పట్టీ ఉన్నది అడగండి. ఉక్కగా ఉందనీ, ఫొటోకు బాగుండదనీ మధ్యలో విప్పొద్దు. మూర్ఛ ఉన్నవాళ్ళు డాక్టర్ని అడక్కుండా పడవ షికారుకు వెళ్ళకండి. తాగినవాళ్ళు ఎక్కనే కూడదు.

ఎవరినైనా మునిగిన నీళ్ళలోంచి తీస్తే తలకిందులుగా తిప్పడం, కడుపు నొక్కి నీళ్ళు కక్కించడం మన ఊళ్ళలో అలవాటు. దయచేసి ఆ పని చెయ్యకండి. కక్కింది ఊపిరితిత్తుల్లోకి పోతుంది, ఉన్న నాలుగు నిమిషాలూ గడిచిపోతాయి. ఒకరు 108కి ఫోను చెయ్యండి. ఊపిరి లేకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, గడ్డం పైకెత్తి, ముక్కు మూసి, నోటిలో నోరు పెట్టి రెండుసార్లు ఊదండి. తర్వాత రొమ్ము మధ్యలో రెండు చేతులతో 30 సార్లు గట్టిగా, వేగంగా నొక్కండి. మళ్ళీ రెండుసార్లు ఊదండి. సాయం వచ్చేదాకా ఆపొద్దు. మనిషి లేచి కూర్చుని బాగానే ఉన్నానన్నా ఆస్పత్రికి తీసుకెళ్ళండి. ఊపిరితిత్తుల ఇబ్బంది కొన్ని గంటల తర్వాత బయటపడవచ్చు.

పోయిన ఏడాది మళ్ళీ మనవరాలితో మరో చెరువుకు వెళ్ళాను. ఈసారి అడిగేశాను. పడవతను కోప్పడతాడనుకుంటే, సీటు కింది పెట్టెలోంచి ప్లాస్టిక్ కవరులో పెట్టిన కాగితం తీసి చూపించాడు. ఫొటో అతనిదే, గడువు ఉంది. "ఇన్నేండ్లకు మీరే అడిగిన్రు సార్" అన్నాడు, మురిపెంగా. కాని పిల్ల కొలతకు జాకెట్టు ఆవేళ దొరకలేదు. ఎక్కలేదు. మనవరాలు కట్ట మీద చాలాసేపు మూతి ముడుచుకుని కూర్చుంది. రెండు మక్కకంకులు కాల్పించి ఇచ్చాక గాని నాతో మాట్లాడలేదు.