తెగని దారము

చలికాలమనగానే పల్లెవారమైన మనకు నెగడు చుట్టు కూర్చుండుటయు, కల్లములోని వరికుప్పల వాసనయు జ్ఞాపకమునకు వచ్చును. పట్టణవాసులకు చలికాలములో ఏమి సంతోషముండునని నేననుకొనెడివాడను. మా అమ్మాయి కాపురము హైదరాబాదు పాత బస్తీలో. మొన్నటి సంక్రాంతికి పది దినములు ముందుగా అక్కడికి పోయి, నా తలంపు తప్పని తెలిసికొంటిని.

జనవరి మాసమున అక్కడ తెల్లవారుజామున చలి 15 డిగ్రీల దాపునకు దిగును. నేను శాలువ కప్పుకొని, మనుమని చేయి పట్టుకొని, చార్మినారు వరకు నడచుచుంటిని. పగలు అడుగు పెట్టుటకు సందులేని ఆ వీధి ఆ వేళ మన ఊరి బాటవలె నిమ్మళముగా నుండును. 1591లో కట్టిన ఆ నాలుగు మీనారులు పొగమంచులో సగము కనబడి సగము కనబడకుండును. మక్కా మసీదు ముందర పావురములు గుంపులుగా వాలును. గింజలు చల్లువాడు ఏ మతమువాడని అవి అడుగవు. ఇరానీ హోటలులో వేడి చాయి త్రాగి, ఎండ పొడ కనబడు వేళకు ఇల్లు చేరుచుంటిమి. ఒక దినమున మీరాలం చెరువు చూడబోతిమి. దాని కట్ట 21 కమానులతో విండ్లు వరుసగా పేర్చినట్లుండును. ఉస్మాన్ సాగరు, హిమాయత్ సాగరు కట్టక పూర్వము పట్టణమునకు త్రాగునీరిచ్చినది ఆ చెరువే. ఈ సంతోషమంతటికి మాకైన వ్యయము చాయి డబ్బులు, దారి ఖర్చులు మాత్రమే.

అయితే ఆ బస్తీలో చలికాలపు అసలైన ఆట మిద్దెలమీద జరుగును. సంక్రాంతి దగ్గరపడగానే గుల్జార్ హౌజు దుకాణములలో రంగు కాగితపు పతంగులు బారులు తీరును. హిందువుల మిద్దె, ముసల్మానుల మిద్దె, మా అమ్మాయి మిద్దె, అన్నిటిమీదను పిల్లలే. ఒకని పతంగి తెగినప్పుడెల్ల "అఫా!" యని కేక పుట్టును. మెడ నొచ్చునంతసేపు ఆకాశమును చూచుట ఈ ముసలితనమున నాకదే మొదలు.

ఒకనాడు మనుమడు దిగులుగా వచ్చి, "తాతా, నా పతంగి ఊరికే తెగిపోతున్నది. వేరే దారం ఉందట, అది తెగదట. కొనిపెట్టవా?" అనెను. ఒక దుకాణములో వాడు చూపిన చరఖా కొంటిని. ఆ దారము తళతళ మెరయుచుండెను, చేతికి నూలువలె తోచలేదు. ఇదేమి దారమని నేనడుగలేదు. మనుమని ముఖము చూచితినిగాని దారమును చూడలేదు.

ఆ సాయంకాలము మా పతంగి ప్రక్కింటి వేపచెట్టున చిక్కుకొనెను. లాగితే రాలేదు, తెంపబోతే తెగలేదు. ప్రొద్దు గ్రుంకినదని వదలివేసి దిగితిమి. తెల్లవారి చూడగా ఒక పావురము ఆ దారమున రెక్క చిక్కి తలక్రిందుగా వ్రేలాడుచుండెను. తెల్లని రెక్కమీద నెత్తురు. మనుమడు ఏడ్చుచు నా శాలువలో ముఖము దాచుకొనెను.

ప్రక్క మిద్దెమీది పెద్దాయన, మనుమడు చాచా యని పిలుచునాయన, కత్తెర తీసికొని వచ్చెను. నేను శాలువతో పక్షిని పట్టుకొనగా ఆయన పోగు తరువాత పోగు మెల్లగా కత్తిరించెను. పిమ్మట ఆ దారమును వేళ్లతో నలిపి చూచి, "మాస్టరు సాబ్, ఇది నైలాను. మా చిన్నప్పుడు నూలు దారమే. పతంగి తెగేది, పిట్ట బ్రతికేది" అనెను. ఎవరు కొనిరని ఆయన అడుగలేదు. అడుగకపోయినను నేనే చెప్పితిని.

ఇట్టి దారమును దేశమంతటను 2017లోనే నిషేధించిరని అప్పుడు తెలిసినది. 2024 జనవరిలో ఆ నగరముననే లంగర్ హౌజు దగ్గర బండిమీద పోవుచున్న ఒక సైనికుడు ఇట్టి దారము గొంతు కోయగా మరణించెనట. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా దారము చెట్టున గాక వీధికి అడ్డముగా పడియుండినయెడల ఏమగును? తెలియక చేసితినని నేనెవరితో చెప్పుకొందును?

మరునాడు తాతా మనుమలము కూర్చుండి ఆ చరఖాలోని దారమునంతయు చిన్న చిన్న ముక్కలుగా కత్తిరించి పారవేసితిమి. చెట్టున మిగిలిన పోగులను చాచాగారి కుమారుడు ఎక్కి దింపెను. పావురము రెండు దినములు గంపక్రింద నుండి నూకలు తినెను. మూడవనాడు ఎగిరి పిట్టగోడమీద వాలెను. అంతకు పైకి పోలేకపోయెను.

పండుగనాడు మనుమడు వట్టి నూలు దారముతో ఆడెను. ఆరు పతంగులు పోగొట్టుకొనెను. ప్రతిసారియు ఎదుటివానితో కలిసి తానును "అఫా!" యని కేకవేసి నవ్వెను. తెగుట కూడ ఆటలో భాగమేనని వానికి తెలిసినది, వానివలన నాకును తెలిసినది.

చదువరులారా, పతంగులు ఇప్పుడు మన పల్లె పొలములమీదను ఎగురుచున్నవి. మీ పిల్లలు దారము అడిగినప్పుడు కొనియిండి, వారితో మిద్దె ఎక్కుడి, చలికాలపు ఎండలో తనివితీర ఆడుడి. అయితే కొనుటకు ముందు ఆ దారమును ఒకమారు వేళ్లతో నలిపి చూడుడి. పిచ్చుకను సైతము మరువని తండ్రి ఆకాశమును మన ఒక్కరికే ఇయ్యలేదు.