సొంత కారుతో ఇరుంగాట్టుకోట్టైకి

నెల్లూరు నుంచి మద్రాసు వెళ్లే పెద్దరోడ్డు మీద తడ దాటి, గుమ్మిడిపూండి దాటి, రెడ్‌హిల్స్ ఇంకాస్త దూరం ఉందనగా సోలవరం వస్తుంది. కార్ల పిచ్చి ఉన్నవాళ్లకు ఆ పేరు బోర్డు మీద కనపడితే చాలు, ఒళ్లు పులకరిస్తుంది. రెండో ప్రపంచయుద్ధం నాటి రన్‌వే మీద ఇక్కడ ఏళ్ల తరబడి రేసులు జరిగాయి. 1953లో పుట్టిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు 1990లో ఇరుంగాట్టుకోట్టైలో సొంత ట్రాక్ తెరిచాక ఆ సందడంతా అటు తరలిపోయింది. నేనూ అటే వెళ్తున్నాను. రేసుకు కాదు, ట్రాక్ డేకి. అదీ రోజూ పిల్లల్ని బడిలో దించే స్విఫ్ట్‌లో.

ట్రాక్ డేలో పోటీ ఉండదు, కప్పులుండవు. డబ్బు కట్టి, ఎదురుబండి రాని, గొడ్డూగోదా అడ్డుపడని రోడ్డు మీద మన కారును దాని శక్తి కొద్దీ తోలుకోవడమే. పక్క సీట్లో మా బావ. “ఇంతదూరం పొయ్యేది గుండ్రంగా తిరిగొచ్చేదానికా?” అని సూళ్లూరుపేట నుంచీ అడుగుతానే ఉన్నాడు.

బయల్దేరే ముందు మా మెకానిక్ దగ్గర బ్రేక్ ఆయిల్ మార్పించాను. ఈ ఆయిల్‌కు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. కొత్త డాట్ 4 ఆయిల్ 230 డిగ్రీల దాకా మరగదు. తేమ బాగా పట్టిందయితే 155 దగ్గరే మరగొచ్చు. మరిగిందంటే గొట్టాల్లో ఆవిరి బుడగలు చేరి, పెడల్ తొక్కినా ఆ బుడగలే నలుగుతాయి తప్ప బ్రేకు పడదు. ఊళ్లో తిరిగే బండి అంత వేడెక్కదు గనుక మనకీ సంగతి తెలియదు. మెకానిక్ పాత ఆయిల్‌ను సీసాలో పట్టి వెలుతురుకెత్తి చూపించాడు. టీ డికాషన్ రంగులో ఉంది. “అబ్బయా, ఇంజను నిన్ను మోసం చెయ్యదు. ముందు ఇది చూసుకో” అన్నాడు.

ఇన్సూరెన్సు పాలసీ కూడా తీసి చదివాను. రేసింగు, స్పీడ్ టెస్టింగు మామూలు మోటారు పాలసీ పరిధిలోకి రావు. ట్రాక్ మీద ఏం విరిగినా ఖర్చు మనదే. వెళ్లాలనుకునే వాళ్లు ఆ మాట ముందే మనసుకు ఎక్కించుకోవాలి.

ఔటర్ రింగ్‌రోడ్డు మీదుగా బెంగళూరు హైవేలో కలిసి, రాత్రికి శ్రీపెరుంబుదూరు చేరాం. రామానుజులు పుట్టిన ఊరు. బావ తెల్లవారుజామునే గుడికి వెళ్లి వచ్చి నా నుదుట శ్రీచూర్ణం పెట్టాడు.

ట్రాక్ హ్యుందాయ్ ఫ్యాక్టరీకి దగ్గర్లోనే ఉంది. పొడవు 3.717 కిలోమీటర్లు, మలుపులు 12. గేటు దాటగానే అందరూ కార్లు ఖాళీ చేస్తున్నారు. స్టెప్నీ, జాకీ, కాళ్లకింది మ్యాట్లు, డ్యాష్‌బోర్డు మీది వినాయకుడు, అన్నీ బయటికే. గట్టిగా బ్రేకు వేస్తే నీళ్ల సీసా ఒక్కటి పెడల్ కింద దూరినా చాలు, కొంప మునుగుతుంది. తర్వాత జెండాల పాఠం. పసుపు ఊపితే ముందు ప్రమాదం ఉంది, ఎవర్నీ దాటకూడదు. ఎరుపుకు అందరూ నెమ్మదిగా వెనక్కి వచ్చేయాలి. దాటడమైనా తిన్నటి రోడ్డు మీదే, అదీ ముందువాడు చెయ్యి చూపించాకే. మన హైవేల మీద ఈ ఒక్క మర్యాద ఉంటే ఎన్ని ప్రాణాలు నిలిచేవో!

నాకు నేర్పినాయన చెన్నై తెలుగాయన. మొదటి సెషన్లో పక్కన కూర్చుని పెద్దగా మాట్లాడలేదు. మెయిన్ స్ట్రెయిట్ చివర వేగంగా కుడికి తిరిగే సీ1 దగ్గర మాత్రం “చూపు! చూపు ముందుకు!” అన్నాడు. బానెట్ ముందు రోడ్డును కాక మలుపు అవతలి అంచును చూస్తే, చేతులు వాటంతటవే స్టీరింగును అటు తిప్పాయి.

సెషన్ అయ్యాక చెప్పాడు: “సార్, రోడ్డు మీద అందరం బ్రేకు మెల్లగా మొదలుపెట్టి చివర్లో గట్టిగా తొక్కుతాం. ఇక్కడ తిరగెయ్యండి. తిన్నగా ఉన్నప్పుడే గట్టిగా తొక్కి, మలుపులోకి వస్తూ వదలండి.” బ్రేకు తొక్కగానే బరువు ముందు చక్రాల మీదికి వస్తుంది, వాటికి పట్టు పెరుగుతుంది. ఒక్కసారిగా వదిలితే ఆ పట్టు పోతుంది. మెల్లగా వదిలితే ఆ బరువే కారును మలుపులోకి తిప్పుతుంది. ఇన్నేళ్లుగా తోలుతున్న కారు కాళ్ల కింద ఇంత మాట్లాడుతుందని నాకు ఆ రోజే తెలిసింది. వేగం 140 నుంచి 70కి తగ్గితే బండిలోని శక్తిలో ముప్పాతిక వంతు పోతుంది. దాన్లో చాలాభాగం వేడిగా దిగేది ఆ చిన్న ప్యాడ్లు, డిస్కుల్లోకే. అందుకే చివరి ల్యాప్ బ్రేకు పెద్దగా వాడకుండా నెమ్మదిగా తిరిగి చల్లార్చాలి. ఆపాక హ్యాండ్‌బ్రేక్ లాగకూడదు, గేర్లో వదిలేసి చక్రం కింద చెక్క పెట్టాలి.

ఆయన ముందు టైర్ల అంచున సుద్దముక్కతో అడ్డగీత గీసి పంపాడు. తిరిగొచ్చి వంగి చూశాం. గీత పైసగం అరిగిపోయింది, పక్కగోడ వైపు కొద్దిగా మిగిలింది. మలుపుల్లో టైరు ఎంతదాకా ఒరిగిందో ఆ మిగిలిన సుద్దే చెప్పింది. ఎడమ ముందు టైరు అంచున రబ్బరు చిన్నచిన్న ఉండలు కట్టి, ముట్టుకుంటే వేలికి అంటుకుంటోంది. కుడి మలుపుల్లో బరువంతా దాని మీదే కదా. చల్లగా ఉన్నప్పుడు 30 పెట్టిన గాలి 36 చూపించింది. కాస్త తీశాం.

మధ్యాహ్నం హెల్మెట్ అరువు తీసుకుని బావ పక్కన ఎక్కాడు. సీ1 లోపలికి వెళ్తూ డోరు మీది పిడి రెండు చేతులా పట్టుకున్నాడు. ఇంకో రెండు ల్యాప్‌లు తిరిగాక చేతులు వదిలి, “ఇక్కడ ఇంకాస్త ముందే బ్రేకు వదలొచ్చు గదా?” అని అడిగాడు. అతను చెప్పింది నిజమే. వదిలి చూశాను, కారు ఇంకా తేలిగ్గా తిరిగింది.

నెల్లూరు బైపాస్ మీద అర్ధరాత్రి పందేలు వేసే కుర్రాళ్లను నేనెరుగుదును. వాళ్ల చెయ్యి తిరిగినదే, ధైర్యమూ ఉంది. కానీ అక్కడ లారీ అడ్డొస్తే ఎర్రజెండా ఊపేవాడు ఉండడు, అంబులెన్సు సిద్ధంగా ఉండదు. వాళ్లలో ఇద్దరి నంబర్లు నా దగ్గరున్నాయి. సాయంత్రం తడ దగ్గర బంకులో ఆగి టైర్ల గాలి మళ్లీ మామూలుకు పెట్టిస్తూ, ఫీజు ఎంతో, ఏమేం తెచ్చుకోవాలో ఇద్దరికీ మెసేజ్ పెట్టాను.