సాక్షి ముఖం

మా నాన్నగారు ముప్ఫై యేళ్ళకు పైగా మున్సిఫ్ కోర్టుల్లో పనిచేశారు. అందులో ఎక్కువ కాలం బెంచి క్లర్కు. బోనెక్కిన సాక్షులను కొన్ని వేలమందిని అతి దగ్గరగా చూసిన మనిషి. "ముఖం చూసి చెప్పేయగలరా నాన్నగారూ, ఎవరిది నిజమో ఎవరిది అబద్ధమో?" అని చిన్నప్పుడు అడిగితే నవ్వి, "చెప్పగలనని మొదటి అయిదేళ్ళూ అనుకున్నాన్రా" అనేవారు.

సాక్షి వాలకాన్ని చట్టం బొత్తిగా కాదనలేదు. సివిల్ ప్రొసీజర్ కోడు 18వ ఆర్డరు 12వ రూలు ప్రకారం, సాక్షి జవాబు చెప్పేటప్పటి తీరులో తనకు ముఖ్యమనిపించినదాన్ని న్యాయమూర్తి రాసిపెట్టుకోవచ్చు. తడబడ్డాడనీ, వకీలు వైపు చూశాడనీ. కానీ చివరికి తీర్పును నిలబెట్టేవి దస్తావేజులూ, తేదీలూ, ఆ వ్యవహారంతో ఏ లాభమూ లేనివాడు యథాలాపంగా అన్న మాటలూ అని నాన్నగారు చెప్పేవారు.

ఇంతకీ నేను చెప్పబోయేది కోర్టుల గురించి కాదు, సైకిలు పందాల గురించి. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, పందెం ముగిశాక టీవీ మైకు ముందు నిలబడే ఆటగాళ్ళ గురించీ, వాళ్ళ ముఖాలు చూసి ఇంట్లో కూర్చుని తీర్పులిచ్చే నాబోటి వాళ్ళ గురించీను.

2004లో నాన్నగారికి పెద్దపేగు కేన్సరని తేలింది. ఆపరేషను, ఆ తర్వాత కీమో. ఆ రోజుల్లోనే లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ ఆత్మకథ 'ఇట్స్ నాట్ అబౌట్ ద బైక్' నా చేతికొచ్చింది. 1996లో వృషణాల కేన్సరు ఊపిరితిత్తులకూ మెదడుకూ పాకిన స్థితిలో ఆస్పత్రిలో చేరిన పాతికేళ్ళ కుర్రవాడు, 1999లో టూర్ ద ఫ్రాన్స్ గెలిచాడు. మూడు వారాల పందెం, సుమారు 3,500 కిలోమీటర్లు, ఆల్ప్స్, పిరనీస్ కొండల మీదుగా. రోగి మంచం పక్కన చెప్పడానికి ఇంతకంటే మంచి కథ ఏముంటుంది? కీమో ఎక్కించే రోజుల్లో ఆ పుస్తకాన్ని రోజుకు కొంత తెలుగులో చెప్పేవాణ్ణి. ఆయన కళ్ళు మూసుకుని వినేవారు. ఆ యేడాదే వచ్చిన పసుపుపచ్చ రబ్బరు బ్యాండొకటి అమెరికాలో ఉన్న మా పిన్ని కొడుకు పంపితే, జీవితంలో ఏనాడూ తాయెత్తు కట్టుకోని మనిషి దాన్ని మాత్రం చేతికి వేసుకున్నారు.

2005 జులై 24. ఆర్మ్‌స్ట్రాంగ్ వరసగా ఏడోసారి గెలిచి, పారిస్‌లో వేదికెక్కి మైకు అందుకున్నాడు. నాన్నగారూ నేనూ టీవీ ముందున్నాం. సైక్లింగును నమ్మనివాళ్ళనూ సంశయాత్ములనూ ఉద్దేశించి, పెద్ద కలలు కనలేని, అద్భుతాలను నమ్మలేని మిమ్మల్ని చూస్తే జాలేస్తోందన్న అర్థంలో మాట్లాడాడు. నా కళ్ళు చెమర్చాయి. నాన్నగారు కొంతసేపు ఆ ముఖాన్నే చూసి, "గెలిచినవాడికి ఇంత కోపమెందుకురా?" అన్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. అనుమానించేవాళ్ళంతా ఓర్వలేనివాళ్ళేనన్నాను. కేన్సరంటే ఏమిటో తెలిసిన మనిషి తన ఒంట్లోకి చేతులారా మందులు ఎక్కించుకుంటాడా అన్నాను. "అసలు మీకు సైకిలు పందాల గురించి ఏం తెలుసు?" అన్నాను. కేన్సరంటే ఏమిటో ఆ గదిలో నాకంటే బాగా తెలిసిన మనిషితో! ఆయన మరి మాట్లాడలేదు. లేచి వెళ్ళి పడుకున్నారు.

2007 మే 24న, జర్మనీలో బాన్ నగరంలో, ఎరిక్ త్సాబెల్, రోల్ఫ్ ఆల్డాగ్ విలేఖరుల ముందు కూర్చుని, తాము నిషిద్ధమైన ఈపీఓ వాడామని ఒప్పుకున్నారు. ఈపీఓ అంటే ఎర్ర రక్తకణాలను పెంచే హార్మోను. కణాలు పెరిగితే కండరాలకు ప్రాణవాయువు ఎక్కువగా అందుతుంది. (కీమోతో రక్తం తగ్గిపోయిన రోగులకు కూడా ఇదే మందు ఇస్తారు, అది వేరే సంగతి.) టూర్‌లో పాయింట్ల విజేతకిచ్చే ఆకుపచ్చ జెర్సీని 1996 నుంచి 2001 దాకా వరసగా ఆరుసార్లు గెలిచినవాడు త్సాబెల్. 1996లో ఒకే ఒక్క వారం ప్రయత్నించి, ఒంటికి పడక మానేశానని చెబుతూ కన్నీళ్ళు పెట్టుకున్నాడు. ఇంగ్లీషు వార్తల్లో ఆ దృశ్యం వస్తుంటే నాన్నగారు కదిలిపోయారు. "ఇతను నిజం చెబుతున్నాడ్రా. ఆ ఏడుపు తెచ్చిపెట్టుకున్నది కాదు" అన్నారు. నాకూ అలాగే అనిపించింది. ఈసారి మా ఇద్దరికీ గొడవ రాలేదు.

అదే యేడు జులైలో ఇంకో చిత్రం జరిగింది. డెన్మార్కువాడు మైకేల్ రాస్ముసెన్ టూర్‌లో అందరికంటే ముందున్నాడు. పందానికి ముందు పరీక్షలకు అందుబాటులో లేడేమని అడిగితే, మెక్సికోలో ఉన్నానని చెప్పుకుంటూ వచ్చాడు. ఆయనలో తడబాటు ఏమైనా ఉందా అని చూసేవాళ్ళు చూస్తూనే ఉన్నారు, తేల్చుకోలేకపోతూనే ఉన్నారు. ఇటలీ టీవీలో వ్యాఖ్యానం చెప్పే మాజీ ఆటగాడు దావిదే కస్సాని, ఈయన దీక్షను మెచ్చుకుంటూ, జూన్‌లో తమ దేశపు డోలమైట్ కొండల్లో సాధన చేస్తుండగా చూశానని ప్రసారంలో అన్నాడు. పొగడ్తకే అన్నాడు. కానీ జూన్‌లో డోలమైట్స్‌లో ఉన్న మనిషి మెక్సికోలో ఎలా ఉంటాడు? జులై 25న ఓబిస్క్ కొండ మీద గెలిచిన రాత్రే, పసుపు జెర్సీతో ఉన్నవాణ్ణి సొంత జట్టే పందెం నుంచి తప్పించింది. ఎన్నో ఇంటర్వ్యూలు తేల్చలేనిదాన్ని ఒక్క మెచ్చుకోలు తేల్చేసింది. నాన్నగారికి ఈ కథ ఎంత నచ్చిందో! "నే చెప్పలా?" అని రెండు రోజులు నవ్వుకున్నారు. తాను ఏళ్ళ తరబడి మందులు వాడానని రాస్ముసెన్ 2013 జనవరిలో ఒప్పుకున్నాడు.

నాన్నగారు 2009 చివర్లో పోయారు. జబ్బు తిరగబెట్టింది.

2012 అక్టోబరులో అమెరికా డోపింగ్ నిరోధక సంస్థ ఆర్మ్‌స్ట్రాంగ్ మీద తన నిర్ణయాన్నీ ఆధారాలనూ బయటపెట్టింది. వెయ్యికి పైగా పుటలు, 26 మంది ప్రమాణపూర్వక సాక్ష్యాలు, అందులో పదిహేనుమంది ఆటగాళ్ళు. ఆ నెలలోనే ఏడు టైటిళ్ళూ రద్దయ్యాయి. 2013 జనవరి 17, 18 తేదీల్లో ఓప్రా విన్‌ఫ్రీ చేసిన ఇంటర్వ్యూ ప్రసారమైంది. ఆవిడ మొదటే అవును, కాదు అన్న జవాబులతో సరిపోయే ప్రశ్నలు వేసింది. నిషిద్ధ పదార్థాలు వాడారా? ఈపీఓ వాడారా? రక్తం ఎక్కించుకున్నారా? ఏడు టూర్లలోనూనా? అన్నిటికీ అవుననే జవాబు.

నేను ఆ ఇంటర్వ్యూను రెండు రాత్రులూ గుడ్లప్పగించి చూశాను. నిజానికి వినడం కంటే చూడటమే ఎక్కువ చేశాను. ఎక్కడ పెదవి బిగించాడు, ఎక్కడ చూపు దించాడు, పశ్చాత్తాపం ఉందా లేదా. తన మీద సాక్ష్యం చెప్పిన బెట్సీ ఆండ్రూ గురించి మాట్లాడుతూ, నిన్ను పిచ్చిదానివన్నాను గానీ లావుగా ఉన్నావని ఎన్నడూ అనలేదని ఆమెకు ఫోనులో చెప్పానంటూ చమత్కరించబోయినప్పుడు, చూస్తున్న లక్షలమందితోబాటు నేనూ ఛీ అనుకున్నాను. రెండో రాత్రి, తనను బడిలో వెనకేసుకొస్తున్న పదమూడేళ్ళ కొడుకుతో 'ఇక నన్ను సమర్థించొద్దు' అని చెప్పిన సంగతి చెబుతూ గొంతు పూడుకుపోయినప్పుడు, అయ్యో అనుకున్నాను. మరునాటికి ప్రపంచమంతా తీర్పు చెప్పేసింది: రాతిగుండె మనిషి, నిజమైన పశ్చాత్తాపం లేదు అని.

అప్పుడు తట్టింది నాకు. ఇది 2005లో పారిస్ వేదిక మీద నేను చూసిన ముఖమే. అవే నీలికళ్ళు, అదే బిగించిన దవడ. ఆనాడు అందులో నాకు చిత్తశుద్ధి కనిపించింది, ఈనాడు కాపట్యం కనిపిస్తోంది. మారింది ముఖం కాదు, నాకు తెలిసిన సమాచారం. ఇంతా చేస్తే, నిజాయితీ కొరవడిన చోటేమిటో ఆ ముఖం చూసి నేను కనిపెట్టనే లేదు. 2005 తర్వాత ఏమీ వాడలేదని ఆయన ఓప్రాతో అన్నాడు. 2009, 2010 టూర్లలో ఆయన రక్తంలో కనిపించిన తీరు సహజంగా ఏర్పడే అవకాశం పది లక్షల్లో ఒకవంతు కంటే తక్కువని ఆ వెయ్యి పుటల్లో అప్పటికే ఉంది. నాకది ఇంటర్వ్యూ చూస్తుండగా తట్టలేదు, ఆ కాగితాలు చదివితే తెలిసింది.

అదే 2013 జులైలో త్సాబెల్ మళ్ళీ నోరు విప్పాడు. వారం కాదట, 1996 నుంచి 2003 దాకా వాడాడట. మరి ఆ కన్నీళ్ళు? అవి దొంగ ఏడుపని ఇప్పటికీ నేననుకోను. ఏడుపు నిజమే, చెప్పిన లెక్క అబద్ధం. రెండూ ఒకే ముఖంలో ఇమడగలవన్న సంగతి, కొన్ని వేలమంది సాక్షులను చూసిన మా నాన్నగారు కూడా ఆ పూట మరిచిపోయారు.

ఛార్లెస్ బాండ్, బెల్లా డిపాలో అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఈ విషయం మీద జరిగిన రెండువందలకు పైగా పరిశోధనలను 2006లో ఒక్కచోట చేర్చి లెక్క కట్టారు. ఇరవై నాలుగు వేలమందికి పైగా మనుషులు, ఇతరుల మాట నిజమో అబద్ధమో పోల్చుకోవడంలో సరిగ్గా చెప్పింది సగటున నూటికి 54 సార్లు. బొమ్మా బొరుసూ వేస్తే యాభై. నాన్నగారిది రెండింట ఒకటి. నాది? రెండింట సున్నా.

దీనివల్ల అబద్ధాలాడినవాళ్ళు తప్పించుకోవడం ఒకటే కాదు నష్టం. 2015 టూర్‌లో క్రిస్ ఫ్రూమ్ కొండల మీద అందరినీ వెనక్కి నెట్టేశాడు. మెల్లని గొంతు, ఆచితూచి మాట్లాడే మనిషి. ఆ నెమ్మదితనమే చాలామందికి దాపరికంలా కనిపించింది. జులై 18న మెండ్ ఊరికి సాగిన పందెంలో, దారి పక్కనున్న ఒకడు మందులు వాడావని అరుస్తూ ఆయన మీద కప్పుతో మూత్రం పోశాడు. మరునాడు ఫ్రాన్సు టీవీలో ఒక నిపుణుడు, ఒక కొండ మీద ఆయన శక్తి కిలో బరువుకు 7.04 వాట్లని అంచనా కట్టి, అది అసాధారణమన్నాడు. రెండు రోజులకు జట్టువాళ్ళు తమ కొలత బయటపెట్టారు: 5.78. తర్వాత 2017లో ఉబ్బసం మందు మోతాదు విషయమై ఆయన మీద విచారణ నడిచి, 2018లో ఏ శిక్షా లేకుండా ముగిసింది. ఇవన్నీ వాదించుకోదగ్గ విషయాలే. అంకెలకు అంకెలతో జవాబు చెప్పొచ్చు. 'నీ ముఖం నచ్చలేదు' అన్నవాడికి ఏమని జవాబు చెప్పడం?

పైగా ఆ ఇంటర్వ్యూలు జరిగే తీరు చూడండి. అయిదారు గంటలు తొక్కి, గీత దాటిన కొద్ది నిమిషాలకే, చెమట ఆరకుండా మైకు ముందు నిలబెడతారు. చాలామందికి అది తమ భాష కూడా కాదు. స్లొవేనియావాడు ప్రిమోష్ రోగ్లిచ్ రెండు ముక్కల ఇంగ్లీషులో పొడిపొడిగా జవాబిస్తే, మనిషి రాయి అన్నారు. 2020 సెప్టెంబరు 19న, చివరి గడియారపు పందెంలో, తమ దేశపు కుర్రవాడు పొగాచర్ చేతిలో పసుపు జెర్సీ పోగొట్టుకున్నాడు రోగ్లిచ్. వెళ్ళి ఆ కుర్రవాణ్ణి కౌగిలించుకున్నాక, అవే పొడి మాటలు జనానికి హుందాతనంగా వినిపించాయి. మాతృభాష కాని భాషలో ఉద్యోగపు ఇంటర్వ్యూలిచ్చిన మనకు ఈ అవస్థ కొత్త కాదు. మాట వెతుక్కుంటున్నప్పుడు ఆగిన ఆ క్షణాన్ని, ఎదుటివాడు మన తెలివితక్కువతనంగానో, దాపరికంగానో రాసుకున్న రోజులు మనకూ ఉన్నాయి.

ఇప్పటికీ పందాలు చూస్తాను. ఇంటర్వ్యూలూ చూస్తాను. ముఖాలు చదవడం మానలేదు, మానగలనని అనుకోను కూడా. చదివి ఏమనుకున్నానో దాన్ని తీర్పనుకోకుండా ఉండటానికి ప్రయత్నిస్తున్నాను, అంతే.

మిగిలింది ఒక్క విషయం. సందేహించేవాళ్ళను చూసి జాలిపడిన ఆ పారిస్ ప్రసంగం నన్నిప్పుడు అంతగా బాధించదు. ఆయన అబద్ధం ఆయనది. అదే రాత్రి అవే మాటలు నేను మా నాన్నగారికి అప్పజెప్పాను. ఆయన ఆర్మ్‌స్ట్రాంగ్‌ను దొంగ అనలేదు. ఒక ప్రశ్న అడిగారు. ముప్ఫై యేళ్ళు సాక్షులను చూసిన కళ్ళకు కలిగిన చిన్న సందేహం అది, అది కూడా తప్పు కావచ్చునని తెలిసే అడిగి ఉంటారు. జవాబు చెప్పలేక నేను ఆయన నోరు మూయించాను.

మరునాటి పొద్దున కాఫీ ఇస్తూ ఆయన చేతివంక చూశాను. పసుపు బ్యాండు చేతికే ఉంది. అలిగి తీసేస్తారేమోనని భయపడ్డాను, తీయలేదు. నమ్మకంతో ఉంచుకున్నారో, నా కోసం ఉంచుకున్నారో ఆయన ముఖం చూసి నేను తెలుసుకోలేకపోయాను. అడగనూ లేదు.