ముందుగా వేసిన లెక్క

కృష్ణా డెల్టాలో వరి పొట్టకు వచ్చిననాటినుండియే గట్టుమీద లెక్కలు మొదలగును. ఎకరమునకు ఇన్ని బస్తాలని ఒకరు, ఇంకను రెండు ఎక్కువేనని మరియొకరు. కోతల వేళకు తుపాను రాదని ఎవరును మాట ఇయ్యలేరు. అయినను లెక్క ఆగదు. పంట ఆ లెక్కకు సరిపోయినచో ‘అనుకొన్నదేగదా’ అందురు. తగ్గినచో రైతును నిలదీయుదురు.

ఆటల పోటీలలోను ఇట్టి లెక్క కలదు. పోటీ ఆరంభము కాకముందే జట్లను వరుసగా నిలిపి, ఇది మొదటిది, ఇది పదునాలుగవది అని ప్రకటింతురు. చదరంగములో ఈ వరుస ఊహమీద గాక అంకెలమీద ఆధారపడును. ఆర్పాడ్ ఎలో అను భౌతికశాస్త్రాచార్యుడు కల్పించిన పద్ధతిని ప్రపంచ చదరంగ సమాఖ్య 1970లో స్వీకరించెను. గెలుపునకు ఒక పాయింటు, డ్రాకు అర పాయింటు. ఇద్దరి రేటింగుల నడుమ 200 తేడా యున్నచో, నూరు ఆటలలో పైవారికి సుమారు 76 పాయింట్లు రావలెనని ఆ పద్ధతి చెప్పును. ఇందొక మెలిక యున్నది. తక్కువ రేటింగు గలవారితో ఆట డ్రా అయినను పైవారి రేటింగు తగ్గును. ఎదుటివారికి అదే డ్రా లాభము. ఒకే బల్ల, ఒకే ఫలితము. ఒకరు నవ్వుచు లేతురు, మరియొకరు తల వంచుకొని లేతురు.

కోనేరు హంపి ఈ భారమును చిన్ననాటనే ఎరిగినది. 1987లో గుడివాడలో జన్మించిన ఆమెకు తండ్రి అశోక్ ‘ఛాంపియన్’ అను మాటనుండి పేరు పెట్టెను. బిడ్డ పావును కదపకముందే లెక్క పేరులో చేరినదన్నమాట! 2002లో పదునైదేండ్ల వయసున ఆమె గ్రాండ్‌మాస్టర్ అయ్యెను. 2008లో నాల్చిక్‌లో జరిగిన ప్రపంచ మహిళా పోటీలో మొదటి స్థానముతో దిగి, సెమీఫైనల్‌లో పదునాలుగేండ్ల చైనా బాలిక హౌ యీఫాన్ చేత ఓడెను. 2015లో సోచీలోను పట్టికలో మొదటి పేరు ఆమెదే. క్వార్టర్ ఫైనల్‌లో మరియా ముజిచుక్ ఆమెను ఓడించి, చివరకు విజేతయు అయ్యెను.

ఒక్కరి భారము ఇట్లుండగా, జట్టు భారము వేరు. చదరంగ ఒలింపియాడ్‌లో ఒక్కొక్క జట్టునుండి నలుగురు నాలుగు బల్లలవద్ద ఆడుదురు. 2022లో అది తమిళనాడులోని మామల్లపురమున జరిగెను. మహిళలలో భారతజట్టుకు పట్టికలో ప్రథమస్థానము. హంపితోపాటు గుంటూరు ద్రోణవల్లి హారిక, వైశాలి, తానియా సచ్‌దేవ్, భక్తి కులకర్ణి అందుండిరి. హారిక నిండు గర్భిణి. అయినను బల్లవద్ద కూర్చుండెను. వరుసగా ఏడు రౌండ్లు గెలిచిరి. ఎనిమిదవది ఉక్రెయిన్‌తో సమము, తొమ్మిదవది పోలండ్ చేత ఓటమి, పదవది మరల గెలుపు. కడపటి రౌండునకు ముందు వారే అగ్రస్థానమున నుండిరి. ఆ రోజు అమెరికా చేత 1–3 తేడాతో ఓడిరి. స్వర్ణము ఉక్రెయిన్‌కు పోయెను. మనకు కాంస్యము దక్కెను. ఒలింపియాడ్‌లో భారత మహిళలకు అదియే మొదటి పతకము. పట్టికలో పదవవారై యుండి దానిని తెచ్చినచో మేళతాళములతో ఎదురేగెడివారు!

అదే ఒలింపియాడ్ ఓపెన్ విభాగములో మొదటి వరుస జట్టైన అమెరికా ఐదవదిగా నిలిచెను. పదునాలుగవ వరుసలోని ఉజ్బెకిస్తాన్ యువకులు స్వర్ణము కొనిపోయిరి. వారినుండి ఎవరును ఏమియు కోరియుండలేదు.

అట్లని తప్పంతయు పట్టికదే యనరాదు. 2024లో బుడాపెస్ట్‌లోను భారత మహిళలదే ప్రథమస్థానము. ఎనిమిదవ రౌండులో మరల ఆ పోలండ్ చేతనే ఓడిరి. తొమ్మిదవది అమెరికాతో సమము. మామల్లపురము నాటి కథయే మరల నడచునట్లు తోచెను. మొదటి బల్లవద్ద హారికకు ఆటలు కలిసిరాలేదు. క్రింది బల్లలవద్ద దివ్యా దేశ్‌ముఖ్, వంతికా అగర్వాల్ పాయింట్లు కూడబెట్టిరి. పదవ రౌండులో చైనాను, చివర అజర్‌బైజాన్‌ను గెలిచి జట్టు స్వర్ణము పొందెను.

హంపి ఆ జట్టులో లేదు. ఆ సంవత్సరమే డిసెంబరులో న్యూయార్క్‌లో జరిగిన ప్రపంచ ర్యాపిడ్ పోటీలో ఆమె మొదటి ఆటనే ఓడెను. ఇక ఆమెపై లెక్క వేయువారు లేరు. పదునొకండు ఆటలు ముగియునప్పటికి ఆమెకు ఎనిమిదిన్నర పాయింట్లు వచ్చెను. కడపటి ఆటలో నల్లపావులతో ఐరీన్ సుకందర్‌ను గెలిచి, 2019 తరువాత రెండవమారు ఆ బిరుదమును పొందెను.