“తీసెయ్” అంటే తీసేసింది!

ఈ మధ్య మా పర్చేజ్ సాఫ్ట్‌వేర్‌లో ఏఐ అసిస్టెంటుకి టూల్స్ తగిలించే పని నా నెత్తిన పడింది. ఉన్న ఏపీఐలకి ఓ పేరు, ఓ లైను వివరణ రాస్తే చాలు కదా, రెండ్రోజుల పని అనుకున్నా. లిస్టులోంచి దాచే టూలుకీ, ఆర్డరు క్యాన్సిల్ చేసే టూలుకీ ఒకే ముక్క రాసి పారేశా: “ఆర్డరును తీసేస్తుంది”.

స్టోర్సులో ఒకాయన, వచ్చే నెల రావాల్సిన ఆర్డరు తన లిస్టులో అడ్డంగా ఉందని “దీన్ని తీసెయ్” అన్నాడు. అసిస్టెంటు శుభ్రంగా క్యాన్సిల్ చేసింది. సప్లయరుకి మెయిలూ వెళ్ళిపోయింది!

అసలాయనకి క్యాన్సిల్ చేసే హక్కే లేదు. కానీ అసిస్టెంటుకి నేనిచ్చింది సర్వాధికారాలున్న సర్వీస్ అకౌంటు. లాగులో ఆయన పేరూ లేదు, నా పేరూ లేదు. మీటింగులో అందరూ “మోడల్ తప్పు చేసింది” అని తేల్చేశారు. నాక్కూడా అదే హాయిగా అనిపించింది, ఒక్క పూట.

మోడల్ మన కోడు చూడదండీ. చూసేది పేరూ, వివరణా, అడిగే పరామితులూ, అంతే. కామెంట్లు రాయడానికి బద్ధకించే మనకి ఇప్పుడా వివరణే కోడు! మర్నాడు నా తప్పేనని మెయిలు పెట్టి, ఏ టూలు ఎప్పుడు వాడకూడదో కూడా రాశా. అడిగినవాడి హక్కులతోనే నడిచేలా, క్యాన్సిల్‌కి ముందు మనిషిని అడిగేలా మార్చా.

కొత్తగా చేరిన కుర్రాడికైనా ఇంతకన్నా ఎక్కువే చెప్తాం కదా?