శనివారం సంచి

శనివారం సాయంత్రం గుంటూరు బస్టాండులో నరసరావుపేట బస్సెక్కే కాలేజీ కుర్రాళ్లను చూస్తే తెలుస్తుంది. భుజాన పుస్తకాల బ్యాగు చిన్నది, చేతిలో సంచి పెద్దది. అందులో ఉన్నవన్నీ విడిచిన బట్టలే. పక్క సీటు పెద్దాయన ముక్కు చిట్లిస్తే, సంచి యజమాని కిటికీలోంచి బయటికి చూస్తాడు.

ఇంజినీరింగు మొదటి ఏడాదిలో ఆ కుర్రాడూ కొన్ని నెలలు ఇదే పని చేశాడు. హాస్టల్లో చేర్చేటప్పుడు వాళ్లమ్మ బకెట్, మగ్గు, బ్రష్, నాలుగు సబ్బుబిళ్లలు సర్దింది. బకెట్ స్నానానికి పనికొచ్చింది. సబ్బులు మంచం కిందే ఉండిపోయాయి. తప్పంతా వాడిదే అనలేం. ఇంటర్ రెండేళ్లూ పుస్తకం తప్ప మరోటి ముట్టుకోనివ్వలేదు, తిన్న కంచం కూడా అమ్మే తీసేది. శనివారం రాత్రి సంచి గుమ్మంలో దించేవాడు. ఆదివారం వాడు నిద్రలేచేసరికి దండెం నిండిపోయేది.

సంక్రాంతి దాటాక ఓ ఆదివారం ఎందుకో తెల్లారకుండానే మెలకువ వచ్చింది. పెరట్లో అమ్మ వాడి జీన్స్ ప్యాంటు పిండుతోంది. ఒక కొస కొళాయికి చుట్టి, రెండో కొస ఎడమ చేత్తో మెలిపెడుతోంది. కుడి మణికట్టుకు గుడ్డ కట్టుంది.

"చేతికేమైందమ్మా?"

"పట్టేసింది నాన్నా. నువ్వెళ్లి పడుకో."

దసరా నుంచీ అంతేనని చెల్లెలు చెప్పింది.

తర్వాతి శనివారం వాడు బస్సెక్కలేదు. హాస్టల్ బాత్రూములో బకెట్ ముందు కూర్చున్నాడు. సబ్బు సగం అరిగినా నురగ రాలేదు. బట్టల మీద తెల్లటి తెట్టు మాత్రం మిగిలింది. పైగా ఎర్ర టీషర్టుతో కలిపి నానేసిన ల్యాబ్ ఏప్రాను గులాబీరంగుకు తిరిగింది! విచిత్రమేమిటంటే ఆ వారమే కెమిస్ట్రీ ల్యాబులో నీటి కఠినత్వం ప్రయోగం. ఈడీటీఏ చుక్కచుక్కగా వదిలితే ఫ్లాస్కులో ఎరుపు నీలంగా మారింది. నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు సబ్బును విరిచేస్తాయని రికార్డులో రాసుకున్నాడు, ఆ గులాబీరంగు ఏప్రానుతోనే. బోరు నీళ్లకు సబ్బుబిళ్ల కాదు, డిటర్జెంటు పొడి వాడాలని పక్క గది సీనియర్ అన్న చెప్పాడు. అరగంట నానాలి. రంగువి విడిగా. బ్రష్ కాలరుకీ, చేతి అంచులకీ. నీళ్లు తేటపడేదాకా జాడించాలి. జీన్స్‌ను పిండనే అక్కర్లేదట, కొళాయికి తగిలించి నీళ్లు కారనిస్తే చాలట. ఆ ఒక్కమాట దగ్గర వాడు కాసేపు మాట్లాడలేకపోయాడు.

మూడో శనివారం ఇంటికి ఖాళీ చేతుల్తో వెళ్లాడు. అమ్మ వాడి వెనకాల వెతికింది.

"సంచేదిరా?"

"ఉతికేసుకున్నానమ్మా."

ఆమె నమ్మలేదు. దగ్గరికి లాక్కుని చొక్కా కాలరు తిప్పి చూసింది.

"మురికి అట్టాగే ఉంది. విప్పియ్యి, ఒక్క నిమిషం."

వాడు విప్పాడు గానీ ఇవ్వలేదు. పెరట్లో పీట లాక్కుని కూర్చున్నాడు.

"ఎట్టా రుద్దాలో నువ్వు చెప్పు" అన్నాడు బ్రష్ అందుకుంటూ.